రాజుగారి చేతిలో కుర్చీకోడు: ట్రినిటీ కాలేజీ విశేషాలు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ సింహద్వారం మీద ఎనిమిదో హెన్రీ రాజు విగ్రహం కొలువుతీరి ఉంటుంది. ఎడమచేతిలో శిలువ గుర్తున్న గోళం. కుడిచేతిలో రాజదండం ఉండాలి. తలెత్తి కాస్త నిదానంగా చూస్తే తెలుస్తుంది, అది రాజదండం కాదు, కుర్చీకోడు! ఏనాటి కుర్రాళ్లో అసలు దండం లాగేసి ఆ కొయ్యకాలు దోపి పోయారు. ఆరుగురిని పెళ్లాడి, అందులో ఇద్దరి తలలు తీయించిన రాజుకు ఈ మర్యాద! కాలేజీ పెద్దలు తలచుకుంటే కొత్త దండం చేయించడం ఎంతసేపు? చేయించలేదు. ఆ కొయ్యకాలినే ఉండనిచ్చారు. ట్రినిటీ స్వభావం పట్టుకోవడానికి అదొక్కటి చాలు. అక్కడ నియమాలకు లోటు లేదు, ఆ నియమాలకు లొంగని మనుషులకూ లోటు లేదు.

ఆ ద్వారం మీదే మరో వింత. రాజుగారి కింద మూడో ఎడ్వర్డ్ రాజువీ, ఆయన ఆరుగురు కొడుకులవీ రాచముద్రల డాళ్లు వరసగా చెక్కి ఉంటాయి. అందులో ఒకటి ఖాళీ. హాట్‌ఫీల్డ్ విలియం అనే ఆ పిల్లవాడు పసితనంలోనే పోయాడు, ముద్ర పొందేంత కాలం బతకలేదు. అయినా లెక్కలోంచి తీసేయలేదు, ఖాళీ డాలు ఇచ్చారు.

అన్నట్టు, గుమ్మం ఇంటికంటే పాతది. కాలేజీ పుట్టింది 1546లో. ఈ ద్వారం అంతకుముందు అక్కడ ఉన్న కింగ్స్ హాల్ అనే మరో కాలేజీది.

రాణిగారు కాపాడిన చదువులు

1545లో ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఏ కాలేజీని కావాలంటే ఆ కాలేజీని రాజు మూసేసి ఆస్తులు స్వాధీనం చేసుకోవచ్చు. అప్పటికే హెన్రీ దేశంలోని మఠాలన్నిటినీ మూయించి భూములు లాగేసుకుని ఉన్నాడు. తరవాతి వంతు తమదేనని ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలకు గుండెల్లో రాయి పడింది. వెళ్లి ఆరో రాణి కేథరిన్ పార్‌ను ఆశ్రయించారు. ఆమె రాజుకు నచ్చజెప్పింది. మూయించాల్సిన మనిషి కొత్త కాలేజీ పెట్టాడు. 1317 నాటి మూలాలున్న కింగ్స్ హాల్‌నూ, 1324 నాటి మైకేల్‌హౌస్‌నూ కలిపేసి, మఠాల దగ్గర లాక్కున్న భూముల్లో కొన్ని దానికి రాసిచ్చాడు. 1546 డిసెంబరు 19న పత్రం మీద ముద్ర పడింది. 1547 జనవరి 28న రాజు కన్నుమూశాడు. నలభై రోజులు ఆలస్యమై ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఇక్కడ కాలేజీ అంటే మనం అనుకునే కాలేజీ కాదు. పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చేది విశ్వవిద్యాలయం. ఉండటానికి గది, తినడానికి భోజనశాల, కూర్చోబెట్టి చదివించే గురువు, గ్రంథాలయం, ప్రార్థనామందిరం, ఇవన్నీ కాలేజీ సమకూరుస్తుంది. కేంబ్రిడ్జిలో అలాంటివి 31 ఉన్నాయి. దేనికదే సొంత ఆస్తులు, సొంత కట్టుబాట్లు ఉన్న సంస్థానం. దాన్ని నడిపే సభ్యులను ఫెలోలు అంటారు, పెద్దను మాస్టర్ అంటారు. ట్రినిటీ మాస్టర్‌ను నేటికీ రాజుగారి పేరు మీదే నియమిస్తారు. ప్రాంగణంలో పచ్చిక మీద ఫెలోలు నడవచ్చు, విద్యార్థులు నడవకూడదు. గడ్డి దగ్గరే హోదా తేలిపోతుంది!

ట్రినిటీని నమ్మని ట్రినిటీవాడు

ఐజాక్ న్యూటన్ 1661లో ఈ కాలేజీకి వచ్చింది దర్జాగా కాదు. ఫీజు కట్టలేని పిల్లలు ఫెలోలకూ, డబ్బున్న విద్యార్థులకూ పనులు చేసిపెడుతూ చదువుకునే పద్ధతి ఒకటుండేది. వాళ్లను సైజర్లు అనేవారు. న్యూటన్ అంతకంటే ఒక మెట్టు కింద, సబ్‌సైజర్‌గా చేరాడు. 1665లో ప్లేగు వచ్చి విశ్వవిద్యాలయం మూతపడితే ఊరికి పోయాడు. సెలవులయ్యాక 1667లో తిరిగొచ్చి ఫెలో అయ్యాడు, 1669లో 26 ఏళ్లకే గణితంలో లూకేసియన్ ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన పాఠాలకు వచ్చేవాళ్లు తక్కువ. ఒక్కోసారి గోడలకే పాఠం చెప్పి వచ్చేవాడని దగ్గర పనిచేసిన సహాయకుడు రాసిపెట్టాడు.

అసలు తమాషా వేరే ఉంది. ట్రినిటీ అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కటేనన్న క్రైస్తవ సిద్ధాంతం. న్యూటన్‌కు లోలోపల ఆ సిద్ధాంతం మీదే నమ్మకం లేదు. ఫెలోగా కొనసాగాలంటే గడువులోగా మతగురువుగా దీక్ష తీసుకోవాలని నియమం. తీసుకుంటే మనసుకు ద్రోహం, కారణం బయటపెడితే ఉద్యోగానికి ఎసరు. చివరికి 1675లో రెండో చార్లెస్ రాజు లూకేసియన్ ప్రొఫెసర్‌కు దీక్ష అక్కర్లేదని మినహాయింపు ఇచ్చాడు. దాంతో ట్రినిటీ కాలేజీలో కూర్చునే ట్రినిటీని నమ్మకుండా కాలం గడిపేశాడు.

నెవిల్స్ కోర్ట్ అనే ప్రాంగణంలో పొడుగాటి వసారా ఒకటుంది. ఒక చివర కాలు దబ్బున నేలకు తాటించి, అవతలి గోడకు తగిలి ప్రతిధ్వని ఎంతసేపటికి వస్తుందో లోలకంతో లెక్కగట్టి, ధ్వని వేగం తేల్చడానికి న్యూటన్ ప్రయత్నించింది అక్కడే. వెళ్లినవాళ్లు ఇప్పటికీ కాలు తాటించి చూస్తారు. సింహద్వారం పక్కన ఉన్న ఆపిల్ చెట్టు మాత్రం న్యూటన్ చూసినది కాదు. వూల్స్‌థార్ప్‌లో ఆయన ఇంటి పెరట్లోని చెట్టు వంశానికి చెందిన అంటు, 1954లో నాటారు. కాయలు వంటకు పనికొచ్చే రకం, ఊరికే కొరికి తినేవి కావు.

కదలని మాస్టర్

ఈ కాలేజీ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ రిచర్డ్ బెంట్లీది. గ్రీకు, లాటిన్ గ్రంథాల పాఠపరిష్కరణలో ఐరోపాలోనే పెద్ద చెయ్యి. 1700లో మాస్టర్‌గా వచ్చాడు. వచ్చీరాగానే తన నివాసాన్ని కాలేజీ డబ్బుతో రాజభవనంలా తీర్చుకున్నాడు, ఫెలోల నోళ్లు మూయించాడు, పాత ఆనవాయితీలు పక్కన పెట్టాడు. 1710లో ఫెలోలు ఈలీ బిషప్‌కు ఫిర్యాదు చేశారు. విచారణ అయింది. 1714లో తీర్పు చెప్పబోతుండగా బిషప్ చనిపోయాడు! ఈలోగా విశ్వవిద్యాలయంతోనూ తగాదా వచ్చి 1718లో బెంట్లీ డిగ్రీలన్నీ రద్దు చేశారు. ఆయన కోర్టుకెక్కి 1724లో తిరిగి తెచ్చుకున్నాడు.

ఫెలోలు వదల్లేదు. మరో బిషప్ 1734లో బెంట్లీని పదవి నుంచి తొలగిస్తూ తీర్పు చెప్పాడు. ఇక అయిపోయిందనుకున్నారు. కానీ కాలేజీ నిబంధన ప్రకారం ఆ తీర్పును అమలు చేయాల్సింది వైస్ మాస్టర్. అప్పటి వైస్ మాస్టర్ బెంట్లీకి ప్రాణస్నేహితుడు. చేయనన్నాడు, చేయలేదు. చేయమని బలవంతం పెట్టే దారి ఎవరికీ దొరకలేదు. తొలగించబడిన మాస్టర్ ఎనిమిదేళ్లు అదే ఇంట్లో ఉండి, మాస్టర్‌గానే 1742లో పోయాడు. కోర్టు తీర్పు వచ్చినా ఖాళీ చేయని అద్దెదారులను చూసిన మనకు ఇది కొత్తేమీ కాదు.

అంత మొండివాడే ఒక మేలూ చేశాడు. సింహద్వారం పైకప్పు మీద నక్షత్రశాల కట్టించి రోజర్ కోట్స్ అనే యువకుడిని కూర్చోబెట్టాడు. న్యూటన్ ‘ప్రిన్సిపియా’ రెండో కూర్పు 1713లో వచ్చిందంటే వెనక ఉండి నెట్టింది బెంట్లీ, అక్షరం అక్షరం సరిచూసింది కోట్స్. పాపం, కోట్స్ 33 ఏళ్లకే పోయాడు.

గంట కొట్టేలోగా పరుగు

సింహద్వారం దాటి లోపలికి వెళితే గ్రేట్ కోర్ట్. 1593 నుంచి 1615 దాకా మాస్టర్‌గా ఉన్న థామస్ నెవిల్ అడ్డొచ్చిన పాత భవనాలు పడగొట్టించి, ఒక గోపురాన్నయితే రాయి రాయి విప్పి వెనక్కి జరిపించి మరీ ఈ విశాలమైన ప్రాంగణం తీర్చాడు. అక్కడి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది. ముందు మంద్రంలో, తరవాత తారంలో. మొదటిది ట్రినిటీకి, రెండోది పక్కనున్న సెయింట్ జాన్స్ కాలేజీకి అని చమత్కారం. ఆ పక్క కాలేజీలో చదివిన వర్డ్స్‌వర్త్ మహాకవి ఈ రెండు గొంతుల గంటను తన ‘ప్రెల్యూడ్’ కావ్యంలోకి ఎక్కించాడు.

మధ్యాహ్నం పన్నెండుకు రెండు పన్నెండ్లు ఇరవైనాలుగు గంటలు మోగాలి. అందుకు సుమారు 43 సెకన్లు పడుతుంది. ఆలోగా ప్రాంగణం చుట్టూ, దాదాపు 367 మీటర్లు, పరుగెత్తి రావాలన్నది ఇక్కడి పందెం. నాలుగు మలుపులు, కాలికింద నాపరాళ్లు, గులకరాళ్లు. 1927లో బర్లీ ప్రభువు సాధించాడు. ఆయన తరవాతి ఏడాది ఒలింపిక్స్‌లో హర్డిల్స్ బంగారు పతకం కొట్టినవాడు. 2007లో ఒక విద్యార్థి కూడా గెలిచాడు. ఒలింపిక్ వీరుల కథతో 1981లో వచ్చిన ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమాలో మాత్రం ఈ ఘనతను హెరాల్డ్ అబ్రహామ్స్‌కు కట్టబెట్టారు. అబ్రహామ్స్ ఆ పరుగు ఎన్నడూ గెలవలేదు, ఆ దృశ్యం తీసింది ట్రినిటీలోనూ కాదు, ఈటన్ స్కూల్లో. సినిమావాళ్లతో ఎక్కడైనా ఇంతే.

ఎలుగుబంటి, బ్రహ్మచారులు, గోడలెక్కేవాళ్లు

బైరన్ కవి 1805లో ట్రినిటీలో చేరాడు. కుక్కను తెచ్చుకుంటానంటే నిబంధనలు ఒప్పుకోవన్నారు. సరేనని ఎలుగుబంటిని తెచ్చుకున్నాడు. ఎలుగుబంటి గురించి నిబంధనల్లో ఏమీ లేదు కదా! దీన్నేం చేస్తావని అడిగినవాళ్లకు, ఫెలోషిప్ పరీక్షకు కూర్చోబెడతానని జవాబు చెప్పాడట. 1807లో ఒక ఉత్తరంలో ఆ ముచ్చట తనే రాసుకున్నాడు.

ఆయన పోయాక శిల్పి థోర్వాల్డ్‌సెన్ చెక్కిన బైరన్ పాలరాతి విగ్రహాన్ని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పెట్టబోతే, ఈయన నడవడి మాకు గిట్టదని అక్కడివాళ్లు కాదన్నారు. విగ్రహం ఏళ్ల తరబడి గోదాములో పడి ఉంది. చివరికి ట్రినిటీ తెచ్చి తన గ్రంథాలయంలో నిలబెట్టింది. అబ్బేలో బైరన్‌కు స్మారకఫలకం దక్కింది 1969లో.

ఫెలోలు పెళ్లి చేసుకోకూడదన్న నియమం 1882 దాకా నడిచింది. పెళ్లి కుదిరిందంటే గది ఖాళీ చేయాల్సిందే. మాస్టర్‌కు మాత్రం మినహాయింపు. ఆంగ్లికన్ మతం కానివాళ్లకు 1871 దాకా ఫెలోషిప్ లేదు. 1869లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయం మొత్తానికి మొదటివాడుగా వచ్చిన న్యూమా హార్టాగ్ ట్రినిటీ విద్యార్థే, యూదుడు. ఆ ఒక్క కారణానికి ఫెలో కాలేకపోయాడు. చట్టం మారడానికి ఆ అన్యాయం కూడా ఒక ఊతమైంది.

రాత్రి గేటు మూశాక గోడ దూకి రావడం కుర్రాళ్లకు విద్య. ఆ విద్య ముదిరి ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లకు ట్రినిటీ కప్పుల మీద ఎక్కడ కాలు పెట్టాలో, ఏ గొట్టం పట్టుకుని పాకాలో చెప్పే పుస్తకమే వచ్చింది. రాసినవాడు పేరు వేసుకోలేదు. ఆయన జెఫ్రీ వింత్రాప్ యంగ్, తరవాత ఆల్ప్స్ పర్వతారోహకుల్లో పేరుమోసినవాడు.

మే బాల్ అనే విందు, నాట్యాల రాత్రి జరిగేది జూన్‌లో. ఒకప్పుడు మేలోనే జరిగేది. తేదీ జరిగింది, పేరు జరగలేదు.

భోజనశాలలో పేరున్న తీపి ఒకటుంది. పాలమీగడ, గుడ్డుసొనతో చేసి, పైన చక్కెర చల్లి, ఎర్రగా కాల్చిన ఇనుముతో కాలేజీ ముద్ర వేసేవారట. ట్రినిటీ క్రీమ్ అంటారు. ఫ్రెంచివాళ్ల క్రెమ్ బ్రూలేకు చుట్టమే. ఎవరు ముందు కనిపెట్టారన్న తగువులో నేను దిగను.

రెన్ కట్టిన పుస్తకాల ఇల్లు

లండన్‌లో సెయింట్ పాల్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్‌తోనే ఈ గ్రంథాలయానికీ నమూనా గీయించారు. 1676లో మొదలై 1695కు పూర్తయింది. బయటినుంచి చూస్తే కింద స్తంభాలు, కమానులు ఎక్కడ ముగుస్తాయో అక్కడ పైఅంతస్తు నేల ఉంటుందనిపిస్తుంది. నిజానికి నేల అంతకంటే కిందికి, కమానుల వెనకాల దాగి ఉంది. అందువల్ల లోపల గోడలు పొడుగై బీరువాలకు చోటు దొరికింది, కిటికీలు వాటి పైన నిలిచాయి. పుస్తకాలకు నీడ, చదివేవాడికి వెలుతురు.

అక్కడి సంపద అంతా చెప్పబోతే పత్రిక చాలదు. న్యూటన్ తన చేత్తో దిద్దుబాట్లు రాసుకున్న ‘ప్రిన్సిపియా’ మొదటి కూర్పు ఉంది. మిల్టన్ స్వదస్తూరీ కవితలున్నాయి, ఆయన చదివింది వేరే కాలేజీలో అయినా. పిల్లల ముద్దుల ఎలుగుబంటి ‘విన్నీ ద పూ’ రాతప్రతి ఉంది. దాన్ని రాసిన ఎ.ఎ.మిల్న్, కథలో కనిపించే ఆయన కొడుకు క్రిస్టఫర్ రాబిన్ ఇద్దరూ ట్రినిటీవాళ్లే. బైరన్ ఎలుగుబంటి తరవాత కాలేజీకి దక్కిన రెండో ఎలుగుబంటి ఇదే. 1976లో అమెరికా గణితవేత్త జార్జ్ ఆండ్రూస్ ఇక్కడ పాత కాగితాల పెట్టె విప్పితే రామానుజన్ చివరి ఏడాది రాసుకున్న కాగితాలు బయటపడ్డాయి. 600కు పైగా సూత్రాలు! గణితలోకం దాన్ని ‘పోయిన నోటుపుస్తకం’ అంటుంది. పోయిందేమీ లేదు, ఎవరూ చూడలేదు, అంతే.

నెల్లూరు కలెక్టరు, కేంబ్రిడ్జి కంబళ్లు

రామానుజన్ తమిళుడే. అయినా ఆయన కథలో మన ఊళ్లు రెండున్నాయి. కుంభకోణంలో స్కాలర్‌షిప్పు పోయిన బెంగతో 1905లో ఇల్లు విడిచి పారిపోయి చేరింది విశాఖపట్నం. 1910లో నోటుపుస్తకం చంకనపెట్టుకుని వెళ్లి కలుసుకున్న ఆర్.రామచంద్రరావు అప్పటి నెల్లూరు కలెక్టరు. ఆయనకు గణితమంటే పిచ్చి. కుర్రవాడి మాటలు విని, ఉద్యోగం దొరికేదాకా నెలకు 25 రూపాయలు సొంత డబ్బు పంపాడు. ట్రినిటీ కంటే ముందు రామానుజన్‌ను పోషించినవాడు నెల్లూరు కలెక్టరన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యానికైనా నోచుకోవాలి.

1913 జనవరిలో రామానుజన్ రాసిన ఉత్తరం ట్రినిటీలో గణితవేత్త హార్డీకి చేరింది. 1914 ఏప్రిల్‌లో మనిషే చేరాడు. ఆ ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. న్యూటన్ ప్రతిధ్వని విన్న ఆ వసారాల్లోనే క్షతగాత్రులకు మంచాలు వేశారు. శాకాహారి అయిన రామానుజన్ భోజనశాల వైపు వెళ్లకుండా గదిలోనే వండుకునేవాడు. మద్రాసు నుంచి పప్పూ చింతపండూ తెప్పించుకోవాలి, యుద్ధంలో ఓడలు సరిగా నడవవు.

ఒక చలిరోజున కింగ్స్ కాలేజీలో చదువుతున్న బెంగాలీ కుర్రవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్ చూడటానికి వచ్చాడు. రాత్రిళ్లు చలికి కోటు తొడుక్కుని, శాలువా కప్పుకుని పడుకుంటున్నానని రామానుజన్ చెప్పాడు. కంబళ్లు చాలవేమోనని మహలనోబిస్ పక్క చూస్తే అవి పరుపు కింద మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. వాటి మధ్యకు దూరి పడుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు! అనంతాన్ని వేళ్ల మీద ఆడించిన మనిషికి పక్క వేసుకోవడం నేర్పింది ఆ కుర్రవాడు.

ఇంకోసారి తోటి భారతీయులను భోజనానికి పిలిచి తనే వండిపెట్టాడు. చారు రెండుసార్లు వడ్డించుకున్న అతిథులు మూడోసారి వద్దన్నారు. కాసేపటికి చూస్తే ఆయన గదిలో లేడు. మర్నాడూ రాలేదు. నాలుగు రోజులకు ఆక్స్‌ఫర్డ్ నుంచి తిరిగొచ్చాడు. వద్దన్న మాట మనసుకు గుచ్చుకుందట. మన ఇళ్లలో మారు వడ్డన వద్దంటే మొహం మాడ్చుకునే అమ్మమ్మలున్నారు కనుక ఆ బాధ తెలుగువాడికి విడమరచి చెప్పనక్కర్లేదు.

1917లో ఆయన పేరు ఫెలోషిప్‌కు ప్రతిపాదిస్తే ట్రినిటీ తోసిపుచ్చింది. వర్ణద్వేషమూ పనిచేసిందని హార్డీ సహచరుడు లిటిల్‌వుడ్ తరవాత బయటపెట్టాడు. 1918 మేలో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చింది. ఇక కాదనడానికి మొహం చెల్లక అదే ఏడాది అక్టోబరులో ట్రినిటీ ఫెలోను చేసింది. ఏడాదికి 250 పౌన్లు, ఆరేళ్లు, ఏ పనీ చేయనక్కర్లేదు. అప్పటికే క్షయ అన్న అనుమానంతో ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నాడు. 1919లో స్వదేశం వచ్చి 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్లకు కన్నుమూశాడు. ట్రినిటీ ఈ రోజు ఆయన పేరును గర్వంగా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. కానీ మొదట తలుపు వేసింది కూడా అదే చేత్తో.

హార్డీ గణితవేత్తలకు మార్కులు వేశాడు. తనకు 25, లిటిల్‌వుడ్‌కు 30, జర్మన్ దిగ్గజం హిల్బర్ట్‌కు 80, రామానుజన్‌కు 100. ఒకే కాలేజీలో ఉంటూ హార్డీ, లిటిల్‌వుడ్ చాలావరకు ఉత్తరాల్లోనే కలిసి పనిచేశారు. వచ్చిన ఉత్తరం చదవాలన్న నిర్బంధం లేదని వాళ్ల ఒప్పందాల్లో ఒకటి.

ఇంకా కొందరు

యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ రాసినందుకు బెర్ట్రాండ్ రసెల్‌కు జరిమానా పడితే, 1916లో ట్రినిటీ ఆయన ఉద్యోగం తీసేసింది. 1944లో పిలిచి మళ్లీ ఫెలోను చేసింది. రామానుజన్ విషయంలోలాగే ఇక్కడా జ్ఞానోదయం కాస్త లేటు.

క్రికెట్ అభిమానులకు ఒక మాట. రంజీ ట్రోఫీ ఎవరి పేరుమీద ఉందో ఆ రంజిత్‌సింహ్‌జీ ట్రినిటీ విద్యార్థి. 1893లో కేంబ్రిడ్జి జట్టులో చోటు సంపాదించిన తొలి భారతీయుడు. నెహ్రూ 1907 నుంచి 1910 దాకా ఇక్కడ సైన్సు చదివాడు. ఆయన మనవడు రాజీవ్ 1962లో ఇంజినీరింగ్‌లో చేరి డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. ఇక్బాల్ కవి కూడా ట్రినిటీలో చదివినవాడే. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1933లో ఫెలో అయ్యాడు. నక్షత్రాల మరణం మీద ఆయన వేసిన లెక్కను 1935లో నిండుసభలో ఎగతాళి చేసిన ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ కూడా ట్రినిటీ ఫెలోనే. లెక్క నిజమని లోకం ఒప్పుకుని నోబెల్ ఇచ్చేసరికి 1983 అయింది. 1998లో మాస్టర్‌గా వచ్చినవాడు అమర్త్య సేన్.

కాలేజీ లెక్కలో నోబెల్ గ్రహీతలు 30 మందికి పైనే. బ్రాగ్ తండ్రీకొడుకులు 1915లో కలిసి తీసుకున్నారు. కొడుకు వయసు 25, సైన్సు నోబెళ్లలో నేటికీ అంత చిన్నవాడు లేడు. ఇంకో జాబితా కూడా ఉంది, దాన్ని కాలేజీ అంతగా చాటుకోదు. సోవియట్ రష్యాకు రహస్యాలు చేరవేసిన ‘కేంబ్రిడ్జి అయిదుగురు’ గూఢచారుల్లో నలుగురు, ఫిల్బీ, బర్జెస్, బ్లంట్, కేర్న్‌క్రాస్, ట్రినిటీవాళ్లు. బ్లంట్ ఏకంగా రాణిగారి చిత్రపటాల సంరక్షకుడు. 1979లో గుట్టు రట్టయ్యాక ‘సర్’ బిరుదు ఊడింది.

డబ్బు సంగతి చెప్పనేలేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలు రెండిట్లో అత్యంత సంపన్నమైన కాలేజీ ఇదే. 1933లో ఫీలిక్స్‌టోలో కొన్న సముద్రతీర భూమి మీద బ్రిటన్‌లోకెల్లా పెద్ద కంటైనర్ రేవు వెలిసింది. 1970లో దేశంలోనే మొదటి సైన్సు పార్కు పెట్టిందీ ట్రినిటీయే.

ఇక ఆడపిల్లలు. ఒక రాణి నోటిమాటతో పుట్టిన కాలేజీలో డిగ్రీ చదువుకు అమ్మాయిలను చేర్చుకున్నది 1978లో. అంటే 432 ఏళ్లకు. మొదటి మహిళా మాస్టర్ సాలీ డేవిస్ వచ్చింది 2019లో. ఈ కాలేజీ చేసిన ఆలస్యాలన్నిటిలోకీ ఇది ఘోరమైనది.

పక్కింట్లో మనవాళ్లు

గోడ అవతల సెయింట్ జాన్స్ కాలేజీలో చదివినవాడు చిత్తూరు జిల్లా కట్టమంచివాడు, రామలింగారెడ్డి. ‘ముసలమ్మ మరణము’ రాసి వెళ్లి, అక్కడ యూనియన్ సొసైటీ వాదోపవాదాల్లో తెల్లదొరలను మెప్పించి, దానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన తొలి భారతీయుడయ్యాడు. తిరిగొచ్చాక 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్.

ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితంలో ఎం.ఏ. చేశాడు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో పెరిగిన కల్యంపూడి రాధాకృష్ణారావు. ఉద్యోగం దొరక్క కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో చేరాడు. అక్కడ ఆయనకు దారి చూపిన పెద్దాయన మరెవరో కాదు, రామానుజన్‌కు కంబళ్లు కప్పుకోవడం నేర్పిన మహలనోబిస్. 1946లో ఆయన పంపిస్తేనే సి.ఆర్.రావు కేంబ్రిడ్జి వెళ్లి, మ్యూజియంలో పాతకాలపు ఎముకల కొలతలు లెక్కగడుతూ, 1948లో కింగ్స్ కాలేజీ నుంచి గణాంకవేత్త ఫిషర్ దగ్గర డాక్టరేట్ పుచ్చుకున్నాడు. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని అదే ఏడాది కన్నుమూశాడు.

చదువులకని, చుట్టపుచూపుకని ఇంగ్లండు వెళ్లేవాళ్లు మనలో ఇప్పుడు ఎందరో. కేంబ్రిడ్జి వెళితే ఆపిల్ చెట్టు దగ్గర ఫోటో దిగండి, తప్పులేదు. దాంతోపాటు వీధి దాటి హ్యూవెల్స్ కోర్ట్ వైపు, ఆ తరవాత గ్రేట్ కోర్ట్ వెనక ఉన్న బిషప్స్ హాస్టల్ వైపు కూడా ఒకసారి తొంగిచూడండి. రామానుజన్ గదులు ఆ రెండు చోట్లే ఉండేవి. పిల్లలు వెంట ఉంటే నెల్లూరు కలెక్టరు సంగతి కూడా చెప్పండి.